ఈవేళ్టి బిళ్ల

ప్లేనో, టెక్సస్
జనవరి 14

బాబాయి గారికి,

పర్సిస్ వందనాలు. మీ కార్డు అందింది. ఫోన్ చేస్తే చాలనుకుంటున్నానని మళ్లీ తిట్టారు. ముప్పై ఏళ్లు అమెరికా పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషికి స్టాంపు లేని మాట మాటలా అనిపించదు. సరే, ఈ సంవత్సరమంతా ఉత్తరాలే రాస్తాను. నాన్న పోయాక నన్ను తిట్టే హక్కున్నది మీ ఒక్కరికే.

ఇక అసలు సంగతి. మా ఆసుపత్రిలో నేను పరిశోధనల నర్సునని మీకు తెలుసు. ఇన్నాళ్లూ ఎవరో తలపెట్టిన పరిశోధనలకి రక్తం తీసి పంపడమే నా పని. ఈసారి ఆలోచన నాది. మనవాళ్లు ఇక్కడివాళ్ల కంటే చిన్న వయసులోనే గుండె జబ్బుతో ఆసుపత్రికి వస్తున్నారు. చాలామందికి బీపీ ఉందనే తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్లమంటే రేపంటారు, ఎల్లుండంటారు. అదే ఆదివారం చర్చి అంటే జడివానలో కూడా డ్రైవ్ చేసుకుని వస్తారు. అందుకని బీపీ కొలిచే పట్టీనే చర్చికి తీసుకెళ్దామన్నాను.

ఆరాధన అయ్యాక, భోజనాలకి ముందు, ఫెలోషిప్ హాల్లో కొలుస్తాం. ఎక్కువున్నవాళ్లకి డాక్టరు అపాయింట్‌మెంట్ మేమే బుక్ చేస్తాం. బిళ్లలు మొదలుపెట్టాక వారం వారం పలకరిస్తాం. కొన్ని తెలుగు చర్చిల్లో ఇలా చేస్తాం, కొన్నింటిలో సలహాల కాగితాలు మాత్రమే పంచుతాం. చివర్లో రెండింటినీ పోల్చి చూస్తాం. ఫలితం బాగుంటే ఆసుపత్రి ఈ పద్ధతిని ఊరూరా పెడుతుంది. బాగోలేకపోతే నర్సు మాట విన్నందుకు ఇంతేనని నవ్వుతారు.

దీనికి పెద్ద డాక్టర్ మైత్రి. ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి, గుండె డాక్టరు. వాళ్లు హిందువులు, చర్చి లోపల ఎలా ఉంటుందో మొన్ననే మొదటిసారి చూసింది. "పర్సిస్ అక్కా, ఐడియా నీది. రీసెర్చ్ పేపర్‌లో ఫస్ట్ నేమ్ కూడా నీదే ఉండాలి," అంది. ఒక నర్సు పేరు ముందు వేసి డాక్టరు పేరు వెనక వేయడం మా దగ్గర ఇంతవరకు జరగలేదు. రెండు రోజులు నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

ఒక్కటే కష్టం. కొలిచే ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. మన సంఘంలో అది సాధ్యమా?

మీ చర్చి కూడా చేరితే బాగుంటుంది. మీరు సంఘ పెద్ద, పైగా పాస్టర్ నతానియేల్ గారు మీ మాట తీసెయ్యరు. కాస్త మాట్లాడి చూడండి. పిన్నికి నా ప్రేమ.

మీ పర్సిస్


కమ్మింగ్, జార్జియా
ఫిబ్రవరి 20

చిరంజీవి పర్సిస్‌కి,

సుందర్ రాజ్ బాబాయి దీవెనలు. నీ ఉత్తరం నాలుగు రోజుల్లో వచ్చింది. నేనుండగా మూడు రోజుల్లో వచ్చేది.

పాస్టర్ గారితో మాట్లాడాను. నీ పేరు చెప్పగానే ఒప్పుకున్నారు. మనం ఇక్కడ అమెరికన్ల చర్చిలో అద్దెకుంటున్నాం కదా, వాళ్ల ఆరాధన ముగిశాక మధ్యాహ్నం మన వంతు. మీ అట్లాంటా టీము అమ్మాయి వచ్చి హాల్లో నాలుగు కుర్చీలు వేసి, నోరు మూసుకుని కూర్చోమంది. నేను ముందు కూర్చోకపోతే ఎవరూ కూర్చోరని నేనే కూర్చున్నాను. ఐదు నిమిషాలు! మీ పిన్ని ఎదురుగా నిలబడి ఇలాంటి రోజు కోసమే పెళ్లయినప్పటి నుంచి ఎదురుచూశానంది. నాకు జవాబు చెప్పే వీల్లేదు.

ఆ అమ్మాయి పట్టీ బిగించింది, వదిలింది. ముఖం అదోలా పెట్టి ఇంకో చేతికి బిగించింది. తర్వాత "అంకుల్, ఈ వీక్ డాక్టర్‌ని చూడాలి, ప్లీజ్," అంది. పైది నూట డెబ్బై దాటిందట. నాకు ఒళ్లు మండింది. ఎండలో వానలో సంచి మోసి, ఎన్ని కుక్కల్ని తప్పించుకుని ఉత్తరాలు పంచాను నేను! నాకు బీపీ ఏమిటి?

నీ పరువు పోతుందని వెళ్లాను. డాక్టరు రోజుకొక బిళ్ల రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు. మీ పిన్ని ఆవకాయ జాడీని పై అరలో పెట్టేసింది. నీ పరిశోధన వల్ల నా కంచంలో మిగిలింది పెరుగన్నమే. అయినా సరే, మా అన్నయ్య కూతురు తలపెట్టిన పనికి మా చర్చిలో మొదటి చెయ్యి నాదే అయింది. ఆ మాట నలుగురికీ చెప్పుకుంటూనే ఉన్నాను.

నీ బాబాయి


ప్లేనో
ఏప్రిల్ 9

బాబాయి గారికి,

మొదటి చెయ్యి మీదేనని చదివి గట్టిగా నవ్వాను, తర్వాత కళ్లు తుడుచుకున్నాను. పరిశోధన రూలు ప్రకారం మీ కొలతలు నాకు కనబడవు. అక్కడి టీమే చూసుకుంటుంది. మీరే రాస్తూ ఉండాలి.

ఇక్కడ ఒక గొప్ప విషయం జరిగింది. రవికుమార్ గారని మా చర్చిలో పెద్దాయన, రెస్టారెంట్ సామాన్ల వ్యాపారం చేస్తారు. కిందటి నెల ఒక ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడ్డారు. "ఈ హాల్లోనే నా రోగం బయటపడింది, ఈ హాల్లోనే తగ్గిందని ఈవేళ తెలిసింది. ప్రభువు నన్ను స్వస్థపరిచాడు," అన్నారు. సంఘమంతా చప్పట్లు. మరుసటి ఆదివారం అంతవరకు మా కుర్చీల వైపు చూడనివాళ్లు కూడా వరుస కట్టారు. యూత్ పిల్లలు తమ తల్లిదండ్రుల్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు.

అది చూసి నాకొక ఆలోచన తట్టింది. బీపీ అదుపులోకి వచ్చినవాళ్లు ఇష్టముంటే నెలకొకసారి సాక్ష్యం చెప్పాలని పాస్టర్లందరినీ అడిగాను. అన్ని చోట్లా మొదలుపెట్టారు. మేం పంచే కాగితాలు ఎవరూ చదవరు బాబాయి. కానీ మన సంఘంలో ఒక మనిషి లేచి నిలబడి నాకిలా జరిగిందంటే దానికి ఎదురులేదు. మైత్రికి అర్థమయ్యేలా చెప్పడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత "ఇది ఏ జర్నల్‌లో కూడా లేదు అక్కా!" అని ఎగిరి గంతేసింది.

ఇన్నేళ్లు చర్చిలో పెరిగినందుకు నాకు తెలిసింది, పెద్ద చదువులు చదివినవాళ్లకి తట్టనిది, ఇదొక్కటి దొరికింది. గర్వంగా ఉంది, దాచుకోను.

మీ బీపీ కూడా దిగిందని పిన్ని అంది. మీ గొంతు మైకు అక్కర్లేని గొంతు. మీరు లేచి నిలబడితే జార్జియా అంతా వింటుంది. ఏమంటారు?

మీ పర్సిస్


కమ్మింగ్
మే 18

చిరంజీవి పర్సిస్‌కి,

అన్నాను, తల్లీ! లేచి నిలబడి అన్నాను!

కిందటి నెల చివరి ఆదివారం. పూల పుప్పొడి ఇంకా కార్ల మీద పసుపు పూసినట్టే ఉంది, సగం సంఘం తుమ్ముతోంది. అయినా నేను మొదలుపెట్టగానే తుమ్ములు కూడా ఆగాయి. మొదటి రోజు కొలత చెప్పాను, మా అన్నయ్య కూతురు పంపిన పట్టీ సంగతి చెప్పాను. ఇప్పుడు కుర్రవాడి బీపీలా ఉందని డాక్టరు అన్న మాట చెప్పాను. "ప్రభువు నన్ను బాగుచేశాడు, ఇక నాకు ఆ జబ్బు లేదు," అని ముగించాను. దీనమ్మ గారు తెలుసుగా, కొడుకుతో ఉంటారు, మోకాళ్ల నొప్పితో కుర్చీలోంచి లేవరు. ఆవిడ లేచి నిలబడి స్తోత్రం చెప్పారు. నేను పాటలు నేర్పే క్వయిర్ పిల్లలు నేను చెయ్యి ఎత్తకుండానే పాట అందుకున్నారు. నా జన్మలో అంత మంచి ఆదివారం చూడలేదు.

ఆ తర్వాత వారం మీ టీము అమ్మాయి పట్టీ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నా కుర్చీ వేరేవాళ్లకిచ్చేశాను. బాగుపడ్డ మనిషికి దానితో ఏం పని? రోగమున్నవాళ్లు చాలామంది ఉన్నారు పాపం. ఆవకాయ జాడీ పై అర నుంచి దిగింది. మీ పిన్ని ముఖం ముడుచుకుంది కానీ నేను గెలిచాను.

ఒళ్లు హాయిగానే ఉంది. మొన్న ప్రాక్టీసులో పాటల పుస్తకం చేతిలోంచి జారింది, వేళ్లు కాసేపు మాట వినలేదు. వయసంటే మరి ఇదే. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను.

నువ్వు తలపెట్టిన సాక్ష్యాల పద్ధతి అద్భుతం. మా అన్నయ్య ఉంటే ఊరంతా చాటించేవాడు. ఆయన వంతు కూడా నేనే చాటిస్తున్నాను.

నీ బాబాయి


ప్లేనో
జూన్ 11

బాబాయి,

ఈ ఉత్తరం చదివి కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా సరే, చివరిదాకా చదవండి.

ఇక్కడ కొలతలు తేడాగా వస్తున్నాయి. మొదట తగ్గినవాళ్లలో కొందరికి మళ్లీ పెరుగుతోంది. మిషన్లు పాడయ్యాయేమోనని అన్నీ మార్పించాను. తర్వాత పెరిగినవాళ్లెవరో వరసగా చూశాను. దాదాపు అందరూ సాక్ష్యం చెప్పినవాళ్లే. ఎందుకో తట్టలేదు.

వాళ్లలో ఒకావిడని మెల్లగా అడిగాను. పేరు చెప్పకూడదు, ఉద్యోగ ధర్మం. ఆవిడ నన్ను పక్కకి తీసుకెళ్లి, ఎవరూ వినడం లేదని చూసుకుని అంది: "బాగుపడ్డానని సంఘం ముందు, దేవుని ముందు చెప్పాక మళ్లీ బిళ్ల వేసుకుంటే అది అబద్ధ సాక్ష్యం కాదా అమ్మా? నేను చెప్పిన మాట నేనే నమ్మనట్టు కాదా?"

సాక్ష్యం చెప్పిన రోజు నుంచి ఆవిడ బిళ్ల ముట్టలేదు. ఇంకో ఇద్దరు కూడా అదే మాట చెప్పారు. ఈ మాట అట్లాంటా టీముకి చెప్పాం. వాళ్లూ ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. మైత్రికి ఇది తట్టదు, ఆమె తప్పు కాదు. నాకు తట్టాలి. మనవాళ్లకి సాక్ష్యమంటే ఎంత బరువో తెలుసు కాబట్టే కదా దాన్ని వాడుకున్నాను! ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోలేదు.

ఇంటికొచ్చి మీ మే నెల ఉత్తరం మళ్లీ తీశాను. కుర్చీ ఇచ్చేశానన్నారు. జాడీ దిగిందన్నారు. వేళ్లు మాట వినలేదన్నారు. మొదటిసారి చదివినప్పుడు నేను చూసింది మీ సంతోషమొక్కటే.

నర్సుగా అడగడం లేదు, మీ కూతురిగా అడుగుతున్నాను. బిళ్ల వేసుకుంటున్నారా? ఒక్క మాట రాయండి. ఫోన్ చేస్తే మీరు పిన్నికి ఇచ్చేస్తున్నారు, పిన్నేమో మిమ్మల్నే అడగమంటోంది.

పర్సిస్


కమ్మింగ్
జూన్ 19

పర్సిస్‌కి,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు ముదిరాయి. లేక్ దగ్గర సంఘం పిక్నిక్ పెట్టుకున్నాం, జనం బాగా వచ్చారు. వచ్చే నెలలో పాటల పండుగ ఉంది, మూడు చర్చిల క్వయిర్లు కలుస్తున్నాయి, నడిపేది నేనే. ఊపిరాడటం లేదు.

నువ్వు అడిగిన విషయం. అరవై తొమ్మిదేళ్ల మనిషిని, సంఘ పెద్దని, నీ చిన్నప్పుడు నిన్ను భుజాన మోసినవాణ్ణి. నా విశ్వాసానికి నేను లెక్క చెప్పుకోవలసింది నీకు కాదు. సాక్ష్యం చెప్పమని అడిగిందీ నువ్వే, ఇప్పుడు దాన్ని అనుమానించేదీ నువ్వే. మీ టీము అమ్మాయి వచ్చి అడిగితే తనకీ ఇదే చెప్పాను. అట్లాంటాలో, ప్లేనోలో కూర్చుని ఇక్కడి మనిషి నోట్లో ఏముందో వెతకొద్దు.

మీ పిన్ని ఏదైనా ఫోన్ చేసి చెబితే పట్టించుకోకు. ఆవిడకి ప్రతిదీ పెద్దదే.

సుందర్ రాజ్


ప్లేనో
జులై 22

బాబాయి,

పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను అరిచాను. పాస్టర్ నతానియేల్ గారి చేత మిమ్మల్ని బలవంతంగా ఎమర్జెన్సీకి పంపించాను. పాటల పండుగ మధ్యలో, అందరూ చూస్తుండగా. మూడు చర్చిల ముందు నా పరువు తీసిందని పిన్నితో అన్నారట. తీశాను. మళ్లీ అవసరమైతే మళ్లీ తీస్తాను.

తర్వాతి పాట పేరు చెప్పబోతే మీకు నోరు తిరగలేదు. మూతి ఒక పక్కకి లాగింది. కాసేపట్లో సర్దుకుంది కాబట్టి ఏం కాలేదని మీరనుకున్నారు. అది పక్షవాతం రాబోయే ముందు చేసే హెచ్చరిక. ప్రాక్టీసులో వేళ్లు మాట వినకపోవడం కూడా దాదాపు అదే. మూడోసారి హెచ్చరిక ఉంటుందని ఎవరూ చెప్పలేరు. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచి పంపేశారంటే చిన్న విషయమని కాదు, దేవుడు మిమ్మల్ని ఇంకా నాకు ఉంచాడని.

ఇక నా సంగతి. అంతా రాసి మైత్రి ముందు పెట్టాను. సాక్ష్యాల ఆలోచన నాదని, దానివల్లే జనం బిళ్లలు మానేశారని, ఒకరు ఆసుపత్రిపాలయ్యారని. ఆయన మా బాబాయి అని కూడా చెప్పాను. ఆమె రెండుసార్లు చదివింది. "అక్కా, నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. బట్ మనం రిపోర్ట్ చెయ్యాలి," అంది. చేశాం. పరిశోధనలని కాపలా కాసే కమిటీ మొత్తం పని ఆపించింది. సాక్ష్యం చెప్పిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్లి, డాక్టరుతో మాట్లాడించి, మళ్లీ మొదలుపెట్టించమంది. ఇప్పుడు తిరిగేది ఆ ఇళ్లే. మళ్లీ పరిశోధన నడపనిస్తారో లేదో తెలియదు. మొదటి పేరు మాట ఇక నేను ఎత్తడం లేదు.

బాబాయి, ప్రతి ఇంట్లోనూ నాకు మీరే కనబడుతున్నారు. నా పేరు అచ్చులో పడకపోయినా బతుకుతాను. మీరు లేకపోతే ఎలా బతకాలో నాకు తెలియదు. నేను పట్టీని పంపింది మీ ప్రాణం కాపాడటానికి, అదే మీ ప్రాణం మీదికి తెచ్చింది. ఇది నేను మోయలేను. మీరు బిళ్ల వేసుకుంటేనే మోయగలను.

రాయండి. తిట్టినా సరే, రాయండి.

పర్సిస్


కమ్మింగ్
ఆగస్టు 27

నా తల్లి పర్సిస్‌కి,

ఆలస్యమైంది. ముందు కోపంతో రాయలేదు, తర్వాత సిగ్గుతో రాయలేదు. చేతిరాత కాస్త వంకరగా ఉంటే పట్టించుకోకు. హెచ్చరికే కాదు, చిన్న దెబ్బ కూడా తగిలిందని డాక్టరు తర్వాత అన్నాడు, కుడి చెయ్యి ఇంకా పైదాకా లేవడం లేదు కానీ రోజురోజుకీ సర్దుకుంటోంది.

సాక్ష్యం చెప్పిన మర్నాడు పొద్దున బిళ్ల చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఇది మింగితే నిన్న నేనేం మాట్లాడినట్టు అనిపించింది. మళ్లీ సీసాలో వేసేశాను. ఆ ఆవిడ నీతో అన్న మాటే, నేను పైకి అనలేదు అంతే. ఇందులో విశ్వాసమెంతో, పదిమందిలో అన్న మాట పోకూడదన్న పంతమెంతో నాకే తెలియదు. పంతమే ఎక్కువని మీ పిన్ని తేల్చింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా నేను లొంగలేదు, నీతో నిజమే చెబుతాను. బిళ్ల వేసుకునేవాణ్ణి, తలుపేసుకుని. నన్ను కదిలించింది దీనమ్మ గారు. ఆవిడ చూడ్డానికొచ్చారు, కొడుకు చెయ్యి పట్టుకుని. మాటల్లో అన్నారు: "మీరు మానేశారని మీ ఆవిడ చెబితే నేనూ నా బీపీ బిళ్లలు మానేశానండి. మీకున్నంత విశ్వాసం నాకూ ఉండాలని ప్రార్థన చేసుకుంటున్నాను."

పర్సిస్, నా మూతి వంకరపోయినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. ఆవిడ నా మీద భారం వేసి మానేసింది. నా వెనక ఇంకెంతమంది?

అప్పుడే పాస్టర్ గారికి కబురు పంపాను. ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. హాల్లో చప్పుడు లేదు. మీ పట్టీ ముందు పాటించే ఐదు నిమిషాల మౌనం ఇంతకుముందు నేను తప్ప ఎవరూ పాటించలేదు కానీ ఆ రోజు పాటించారు.

"బాగుపడ్డానని మీకు చెప్పాను. ఆ మాట మీద నిలబడటానికి మందు మానేశాను. పాటల పండుగలో ఏమైందో మీరే చూశారు," అన్నాను. "అరణ్యంలో మన పితరులకి తినడానికి ఆకాశం నుంచి మన్నా కురిసింది. వారానికంతా ఒకేసారి ఏరుకుని దాచుకోండి అన్నాడా ఆయన? ఏ పొద్దుది ఆ పొద్దే ఏరుకోమన్నాడు. దాచుకున్నది పురుగు పట్టింది. నేను ఏప్రిల్‌లో ఏరుకున్నది దాచుకుని, ఇక చాలనుకున్నాను. దేవుడు నన్ను బాగుచేసేది ఇలాగే, పొద్దుకొక్క బిళ్ల చొప్పున. ఇది నమ్మకం లేక వేసుకోవడం కాదు. పొద్దున్నే లేచి ఏరుకోవడం." అని అందరి ముందూ బిళ్ల నోట్లో వేసుకుని నీళ్లు తాగాను.

చప్పట్లు లేవు. ముందు వరుసలో దీనమ్మ గారు కళ్లొత్తుకుంటున్నారు. మర్నాడే కొడుకు ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

నీ ఆలోచన తప్పు కాదమ్మా. సాక్ష్యమంటే ఒకసారి చెప్పి కూర్చునేదని మేమనుకున్నాం. ఇకనుంచి మా చర్చిలో తగ్గిందని ఎవరూ చెప్పరు. ఈ వారం కూడా వేసుకున్నామని చెబుతారు. మీ కమిటీ వాళ్లకి ఇది రాసి చూపించు. నీ మొదటి పేరు సంగతి నేను మర్చిపోలేదు. నీ బాబాయి వల్ల పోయింది నీ బాబాయి వల్లే రావాలి.

ఈవేళ్టిది వేసుకున్నాను.

నీ బాబాయి


ప్లేనో
నవంబర్ 16, మరుసటి సంవత్సరం

బాబాయి గారికి,

ఈ కవరు లావుగా ఉందని మీరు ముందే పసిగట్టి ఉంటారు. లోపల అచ్చయిన పేపరుంది. ముందు మొదటి పేజీ చూడండి, తర్వాత ఈ ఉత్తరం చదవండి.

చూశారా? పర్సిస్ అన్న పేరు ఎక్కడుందో చూశారా?

మీ మన్నా మాటలు ఇంగ్లీషులో రాసి కమిటీకిచ్చిన రోజు మైత్రి నా పక్కనే కూర్చుంది. అప్పటికే ఇళ్లన్నీ తిరగడం పూర్తయింది, మానేసినవాళ్లందరూ మళ్లీ డాక్టరు చేతిలో పడ్డారు. కమిటీ మళ్లీ మొదలుపెట్టనిచ్చింది, సాక్ష్యం మాత్రం మీ పద్ధతిలోనే అని షరతు పెట్టింది. చివరికి పట్టీ వెళ్లిన చర్చిల్లో బీపీ బాగా తగ్గింది, తగ్గి నిలబడింది. కాగితాలు పంచిన చర్చిల్లో ఏ మార్పూ లేదు. ఆసుపత్రి ఇంకో పది సంఘాలకి డబ్బిస్తోంది. వాటిలో మైత్రి వాళ్లమ్మగారు వెళ్లే గుడి కూడా ఉంది. అక్కడ మొక్కు తీరాక మనవాళ్లలాగే మందులు మానేస్తారేమో ముందే అడిగి తెలుసుకుంటున్నాం.

మన తప్పుని పేపరులో దాచలేదు. ఒక పేజీ నిండా అదే ఉంది. తీసేస్తే పేపరు ఇంకా అందంగా ఉంటుందని ఒక పెద్ద డాక్టరు సలహా ఇచ్చారు. మైత్రి ఒప్పుకోలేదు. "అదే కదా అక్కా మనం నేర్చుకుంది," అంది.

పోయిన వారం పెద్ద సభలో నేను చదివాను. హాలు నిండా గుండె డాక్టర్లు. చివర్లో ఒకాయన లేచి, మందులు మానేసిన కారణం కొలతల్లో కనబడదు కదా, ఎలా కనిపెట్టారని అడిగారు. మా సంఘంలో ఒకావిడ నన్ను నమ్మి చెప్పింది, మా బాబాయి ఉత్తరం రాశారు అన్నాను. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత నీళ్లు తాగి కానీ మిగతాది చెప్పలేకపోయాను.

మీకు గర్వంగా ఉందా? నాకు మాత్రం మిమ్మల్ని చూస్తే చాలా గర్వంగా ఉంది.

మీ పర్సిస్


కమ్మింగ్
డిసెంబర్ 3

చిరంజీవి పర్సిస్‌కి,

చూశాను. అద్దాలు పెట్టుకుని, తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాను. మా అన్నయ్య పెట్టిన పేరు, అందరికంటే ముందు. మా పాత పోస్టాఫీసుకి తీసుకెళ్లి కౌంటర్ దగ్గర అందరికీ చూపించాను. పాపం, వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆదివారం ప్రకటనలయ్యాక పాస్టర్ గారి చేత చదివించాను. మీ పిన్ని దాన్ని లామినేట్ చేయించింది, ఆవకాయ మరక పడకుండా. జాడీ మళ్లీ పై అరలోనే ఉందిలే.

ఒక్క ఫిర్యాదు ఉంది. ఆరో పేజీలో "ఒక సంఘ పెద్ద" అని రాశావు. ఒక సంఘ పెద్ద ఏమిటి? ఆయనకి పేరు లేదా? రూల్సని మీ పిన్ని అంటోంది. రూల్స్ రాసినవాడికి నా తరఫున ఒక ఉత్తరం రాయాలి, అడ్రసు పంపు.

మీ పరిశోధన ముగిసి, మీ టీము అమ్మాయి రావడం మానేసింది. కుర్చీలు మాత్రం అక్కడే ఉన్నాయి. పట్టీ సంఘం డబ్బుతో కొన్నాం, యూత్ పిల్లలు కొలుస్తున్నారు. మొదటి కుర్చీ నాది, ఎవరికీ ఇవ్వను.

మొన్న ఆదివారం జరిగింది చెప్పి ముగిస్తాను. సాక్ష్యాల సమయంలో ఎవరూ లేవలేదు. అంతలో దీనమ్మ గారు ముందు వరుస కుర్చీ పట్టుకుని మెల్లగా లేచారు. మైకు తీసుకెళ్లబోతే వద్దన్నారు. "నేను బాగుపడలేదండీ," అన్నారు. హాలంతా ఆవిడ వైపే చూసింది. "నాకు ఇంకా బీపీ ఉంది. పొద్దున్నే వేసుకున్నాను. రేపూ వేసుకుంటాను. మా మనవరాలి పెళ్లి చూస్తాను."

అంతే చెప్పి కూర్చున్నారు.

పర్సిస్, మన చర్చిలో స్వస్థత సాక్ష్యాలు ఎన్నో విన్నాను. కళ్లొచ్చినవాళ్లు, కాళ్లొచ్చినవాళ్లు. దేనికీ అన్ని చప్పట్లు వినలేదు. క్వయిర్ పిల్లలు నా చేతి కోసం చూశారు. కుడి చెయ్యి ఎత్తాను. పూర్తిగా పైదాకా లేచింది.

ఈవేళ్టిది వేసుకున్నాను.

నీ బాబాయి